లీడ్ పార్ట్‌నర్ మీద కుంకుమ బొట్టు

బావకీ నాకూ చుట్టరికమేమీ లేదు. మొదటిసారి ఒక బడిలో కలిశాం. అతను కంప్యూటర్లు బిగించడానికి వచ్చాడు, నేను కెమెరాలు బిగించడానికి వెళ్లాను. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకటే నిచ్చెన, అది నాది. "బావా, ఓ పావుగంట ఇస్తావా" అన్నాడు. మా వైపు పని పడితే వరస దానంతటదే కుదురుతుంది. నిచ్చెన ఇచ్చాను. అప్పట్నుంచి అతను నాకు బావ, నేను అతనికి బావ.

అతనిది బందరు. వాళ్లింట్లో మూడు తరాలుగా అందరూ మేస్టర్లు, గుమస్తాలు. ఇతను ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ఇంటి మేడ మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. తనతో కలిపి ఐదుగురు. మిగతా నలుగురూ గుడ్లవల్లేరు ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాళ్లే.

నాది గుడివాడ బస్టాండు వెనక మైకు సెట్టు షాపు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్నకు నడుం పట్టేసింది. పెళ్లిళ్ల రోజులు. హారన్లు పైకెక్కించడానికి మనిషి కావాలి. పది రోజులని చెప్పి బడి మానేశాను. ఆ పది రోజులు ఇంకా అయిపోలేదు. తర్వాత మైకుల పక్కన ఇన్వర్టర్లు చేరాయి, వాటి పక్కన కెమెరాలు చేరాయి. పంచాయతీల పనులు, మార్కెట్ యార్డుల పనులు చేశాను. బోర్డు మీద పేరు చివర "టెక్నాలజీస్" అని రాయించాను. ఇంగ్లీషులోనే రాయించాను. అందులో ఎన్ని అక్షరాలున్నాయో ఇప్పటికీ లెక్కపెట్టలేదు.

ఇద్దరం విడివిడిగా ప్రభుత్వ టెండర్లు వేసి, విడివిడిగా పోగొట్టుకున్నవాళ్లమే. నాకు పనులు చేసిన కాగితాలున్నాయి, సాఫ్ట్‌వేర్ లేదు. అతనికి సాఫ్ట్‌వేర్ ఉంది, స్తంభం ఎక్కే మనిషి లేడు. పైగా ప్రతి టెండరులోనూ గతేడాది వ్యాపారం ఇంత ఉండాలని ఒక గీత గీస్తారు. ఆ గీత ఎప్పుడూ మా తలల మీదుగానే పోతుంది. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడితే అందుకోవచ్చని బావ కనిపెట్టాడు. దాన్నే జాయింట్ వెంచర్ అంటారు. ఒక్క పని కోసం రెండు కంపెనీలు కట్టే కాపురం. పనైపోతే ఎవరి దారి వారిది. ఇంతమంచి కాపురాలు బయట తక్కువ.

అప్పుడు పడిన టెండరు దివిసీమ తీరప్రాంత గ్రామాల్లో సైరన్లు పెట్టడం. కాలువల్లో, పాయల్లో నీటిమట్టం కొలిచే సెన్సర్లు పెట్టాలి. నీళ్లు ఒక హద్దు దాటితే ఊళ్లో సైరన్ మోగాలి, బందరు ప్రభుత్వ ఆఫీసులో తెర మీద కనపడాలి. సెన్సర్లూ తెరా బావ సంగతి. స్తంభాలు, హారన్లు, బ్యాటరీలు నా సంగతి. జాయింట్ వెంచర్‌లో ఎవరో ఒకరు లీడ్ పార్ట్‌నర్ అవ్వాలి. అంటే ప్రభుత్వానికి జవాబు చెప్పేది అతనే. లీడ్ అవ్వడానికి అర్హత ఇద్దరికీ ఉంది. కానీ పనిలో పెద్ద వాటా స్తంభాలదే కాబట్టి యాభైఒకటి నాకు, నలభైతొమ్మిది తనకు అని బావే రాశాడు. లీడ్ పార్ట్‌నర్ అన్న మాట ఎదురుగా నా షాపు పేరు. స్టాంపు కాగితాల మీద ముద్రించి, నోటరీ దగ్గర ఇద్దరం సంతకాలు చేశాం. నేను ఆ లైను నాలుగైదుసార్లు చదివాను. నాకు అర్థం కావట్లేదని నోటరీ గారు అనుకున్నారేమో, "అర్థం చెప్పమంటారా" అని అడిగారు. అర్థమయ్యే చదువుతున్నానండీ అన్నాను.

కొత్త కాగితం ఏదొచ్చినా మేం మోపిదేవి గుడికి తీసుకెళ్తాం. బండి కొన్నా అంతే, ఇంటి ప్లాను గీయించినా అంతే. ఆ కాగితాలూ స్వామి దగ్గర పెట్టించి తీసుకొచ్చాను. ఇంటికొచ్చి నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ పెట్టాను. అక్కడితో ఆగాల్సింది. మూడో పేజీ చూడగానే చెయ్యి ఆగలేదు. లీడ్ పార్ట్‌నర్ అన్న లైను మీద, సరిగ్గా నా షాపు పేరు మీద, ఇంకో బొట్టు పెట్టాను. రూపాయి బిళ్లంత పెద్దది. ఆ లైను నాకు అంత నచ్చింది.

బావ ఆఫీసులో దాన్ని స్కాన్ చేశారు. టెండర్ల పోర్టల్‌లో ఫైలు ఇంతకన్నా పెద్దది ఉండకూడదని నిబంధన. రంగుల్లో స్కాన్ చేస్తే బరువెక్కుతుంది, అందుకని నలుపు తెలుపుల్లో చేశారు. నలుపు తెలుపుల్లో కుంకుమ ఎర్రగా ఎందుకుంటుంది? నల్లగా పడింది. మూలల్లో పడినవి మసి మరకల్లా ఉన్నాయి. మధ్యలో పడింది మాత్రం ఎవరో పనిగట్టుకుని సిరాబుడ్డి ఒంపినట్టుంది. ఎవరూ చూడలేదు. అప్‌లోడ్ అయిపోయింది, గడువు ముగిసిపోయింది.

రెండు వారాల తర్వాత టెండరు పిలిచిన ఆఫీసు నుంచి బావకి మెయిల్ వచ్చింది. మూడో పేజీలో లీడ్ పార్ట్‌నర్ ఎవరో, ఎవరి వాటా ఎంతో చదవడానికి వీల్లేకుండా ఉందట. అసలు పత్రం తెచ్చి చూపించాలి. లేదా ఇద్దరూ సంతకం చేసి, లీడ్ ఎవరో తెలిపే అఫిడవిట్ ఇవ్వాలి. నాలుగు రోజులు గడువు. ఆ నాలుగో రోజే కమిటీ ముందు లీడ్ పార్ట్‌నర్ స్వయంగా తమ పథకాన్ని వివరించాలి.

నేను బందరు వెళ్లాను. బావ వాళ్ల మేడ మీద కూర్చున్నాం. వాళ్లమ్మగారు టీ ఇచ్చి కిందికి వెళ్లిపోయారు.

"స్వామివారికి చూపించి, సర్కారుకి కనపడకుండా చేశావు బావా" అన్నాడు.

"స్వామికి ముందు కనపడాలి కదా బావా. సీనియర్ ఆయనే."

నవ్వాడు. నాకు నవ్వు సాగించడం అలవాటు. అలవాటు మీద ఇంకో మాట అన్నాను. "పోనీలే, ఆ మచ్చ కింద ఏముందో ఎవడికి తెలుసు? లీడ్ నువ్వేనని అఫిడవిట్ రాసేద్దాం. కమిటీ ముందు ఇంగ్లీషులో నువ్వే దంచెయ్."

ఇది జోకు. దానికి అతను ఛీ ఛీ అదేంటి బావా అనాలి, నేను సరేలే అనాలి. అలా అనుకునే అన్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు. కాసేపు కిటికీలోంచి రోడ్డు చూశాడు.

"అదే మంచిదేమో బావా" అన్నాడు.

నేను కూడా కిటికీలోంచి చూశాను. రోడ్డు మీద ఏమీ లేదు.

"లీడ్ ఎవరైతే ఏముంది, పని ఇద్దరిదేగా" అన్నాడు మళ్లీ. నిజమే అన్నాను. ఆ సాయంత్రమే అఫిడవిట్ ముసాయిదా టైపు చేయించాడు. రేపు దివిసీమలో సైట్లు చూడాలి, ఎల్లుండి పొద్దున్నే నోటరీ దగ్గర సంతకాలు పెట్టేద్దాం అనుకున్నాం.

గుడివాడ వచ్చి షాపు తెరిచి, దేవుడి పటం వెనక దాచిన అసలు పత్రం తీశాను. ట్యూబులైటు కింద పట్టుకున్నాను. కుంకుమ కుంకుమలాగే ఉంది. దాని కింద అక్షరాలు చక్కగా కనిపిస్తున్నాయి. నా షాపు పేరు, యాభైఒకటి, అన్నీ. ఎర్రటి అద్దంలోంచి చూసినట్టున్నాయి. ఈ కాగితం తీసుకెళ్లి చూపిస్తే చాలు, ఏ అఫిడవిట్టూ అక్కర్లేదు. ఫోన్ చేసి బావకి ఆ ముక్క చెప్పాలి. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆ రోజు నాకు నేను ఒకలా చెప్పుకున్నాను. అతను అంత తేలిగ్గా సరేనన్నాడు కదా, నాకు కోపమొచ్చింది, అందుకని చెప్పలేదని. కోపమొచ్చిన మాట నిజమే. కానీ ఆ కోపం అడుగున హాయి కూడా ఉంది. కమిటీ ముందు నిలబడక్కర్లేదు. పెద్ద బల్ల చుట్టూ కూర్చున్న చదువుకున్నవాళ్లు ఇంగ్లీషులో అడుగుతుంటే, నేను నవ్వుతూ తలూపక్కర్లేదు. జనాన్ని నవ్వించడం నాకు బాగా వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నానంటే, బడి మానేసిన ఏడాది. తోటివాళ్లు పుస్తకాల సంచులతో షాపు ముందునుంచి వెళ్తుంటే, వాళ్లు నన్ను ఏదో ఒకటి అనేలోపే నేనే వాళ్లని అనేవాణ్ని. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. ఆ ఊపులోనే ఇంతదూరం వచ్చాను. కమిటీ ముందు ఆ విద్య పనికిరాదు. అది తెలిసే, పత్రాన్ని మళ్లీ పటం వెనక పెట్టేశాను.

మర్నాడు ఇద్దరం బావ కారులో దివిసీమ వెళ్లాం. నాగాయలంక దాటి కరకట్ట మీద చాలాదూరం పోయాక ఒక మత్స్యకారుల ఊరు. ఊరి చివర పాయ ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి. అక్కడ ఇంతకుముందు ఎవరో పెట్టిన సైరన్ స్తంభం ఉంది. తుప్పు పట్టి, వైరు తెగి ఉంది. బావ ఫోన్లో ఫొటోలు తీస్తుంటే, నేను స్తంభం కింద నిలబడి హారన్ ఏవైపు తిరిగి ఉందో చూస్తున్నాను.

ఎండుచేపలు తిరగేస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి లేచొచ్చింది.

"కొనేదానికొచ్చారా, కొలిచేదానికొచ్చారా?"

"కొలిచేదానికే పిన్నీ" అన్నాను.

"ఇంతకుముందూ కొలిచారు బాబూ. కొలిచినోళ్లు బాగానే కొలిచారు." స్తంభం వైపు చూపించింది. "పెట్టిన కొత్తల్లో ఓ మజ్జాన్నం ఊరకే మోగింది. ఎండ మాడిపోతోంది, మబ్బు తునక లేదు. ముసలోళ్లని భుజానేసుకుని తుఫాను షెల్టరుకి పరిగెత్తాం. తర్వాత ఇంకో రెండుసార్లు అట్నే మోగింది. మా వోళ్లకి ఒళ్లు మండి వైరు కోసేశారు."

"మరి నీళ్లొచ్చినప్పుడు?" అన్నాడు బావ.

"నీళ్లొచ్చినప్పుడు నీళ్లే చెప్పినయ్యి. మోకాళ్లదాకా వచ్చి చెప్పినయ్యి."

కోసేసిన వైరు సంగతి ఎవరికైనా చెప్పారా అని అడిగాను. చెప్పారట. స్తంభం మీద రాసిన నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో హిందీలో మాట్లాడారట. ఊరి సచివాలయంలో అడిగితే అది మూడు కంపెనీలు కలిసి చేసిన పని అన్నారట.

"ఒకళ్లనడిగితే రెండోవోళ్లన్నారు. రెండోవోళ్లనడిగితే మూడోవోళ్లన్నారు. మూడోవోళ్లు ఫోనెత్తలేదు. మీరెంతమంది?"

"ఇద్దరమే పిన్నీ."

"ఇద్దరైనా అంతేగా. నువ్వంటే నువ్వని తప్పుకోడానికి ఇద్దరు చాలు. ఇది మోగలేదనుకో, లేపోతే ఊరకే మోగిందనుకో. మీ ఇద్దర్లో ఎవుర్ని పట్టుకోవాల?"

బావ నా వైపు చూశాడు. నిజానికి అఫిడవిట్ ప్రకారం జవాబు చెప్పాల్సింది తనే. కానీ ఆ మాట అడిగేసరికి అతని కళ్లు నా వైపే తిరిగాయి. స్తంభం, హారన్, బ్యాటరీ, చెడిపోతే పక్కూరి నుంచి రాత్రికి రాత్రి రావాల్సిన మనిషి, అన్నీ నా వైపే కదా. అప్పుడు నాకు అర్థమైంది. లీడ్ అంటే కమిటీ ముందు ఇంగ్లీషు మాట్లాడేవాడని నేను అనుకుంటున్నాను. ఈవిడ దృష్టిలో లీడ్ అంటే ఈ ఎండలో నిలబడి, ఎవరని అడిగితే నేనని చెప్పేవాడు. ఆ రెండోది చెయ్యడానికి నాకు ఇంగ్లీషు అక్కర్లేదు. మరి మొదటిదాని భయంతో రెండోదాన్ని కూడా ఇంకొకరి మీదికి తోసేస్తున్నాను.

"నన్ను పట్టుకోండి" అన్నాను.

"నువ్వెక్కడుంటావు?"

"గుడివాడలో బస్టాండు వెనక. మైకు సెట్టు షాపంటే ఎవరైనా చెప్తారు."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మైకు సెట్టోడివా? అట్ట చెప్పు. నేనింకా కంపెనీ అనుకున్నా." కొంచెం తేలికపడ్డట్టు అనిపించింది. వెళ్తూ వెళ్తూ, తుప్పు పట్టిన హారన్ చూపించి, "ఇది సముద్రం వైపు మోగేది. చేపలకి చెప్పేదానికి పెట్టారేమోనని మా ఆయన నవ్వేవాడు" అంది.

పని చూసుకుని తిరుగు ప్రయాణమయ్యాం. మోపిదేవి సెంటరు దాటాక చెప్పాను.

"బావా, అసలు పత్రంలో అక్షరాలు కనపడుతున్నాయి. మచ్చ స్కాన్‌లోనే."

కారు కొంచెం నెమ్మది చేశాడు. "ఎప్పుడు చూశావు?"

"నిన్న."

"నిన్నే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే లీడ్‌గా నన్ను వద్దంటావేమోనని ఒక భయం. సరేనంటావేమోనని ఇంకో భయం."

అతను గేరు మార్చాడు. గుడివాడలో దింపేటప్పుడు మాత్రం, "అఫిడవిట్ వద్దులే. ఎల్లుండి పది గంటలకి కమిటీ. పత్రం తీసుకుని నేరుగా వచ్చెయ్" అన్నాడు. గొంతులో ఏముందో నాకు తెలియలేదు.

కమిటీ రోజు ఆఫీసులో ఒక అధికారి పత్రం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి వెలుతుర్లో చూశారు. వేలితో మెల్లగా తాకి, వేలి కొస చూసుకున్నారు.

"మోపిదేవా?"

"ఔనండీ."

"మధ్యలో ఎందుకు పెట్టారండీ?"

అబద్ధం తోచలేదు. "అక్కడ నా పేరుందండీ" అన్నాను.

ఆయన నవ్వలేదు గానీ, పక్కనున్నావిడ తలొంచుకున్నారు. పత్రం సరిపోయింది, ఫైలులో నోట్ చేసుకున్నారు. ఇక వివరించమన్నారు. తెలుగులో చెప్పొచ్చా అని అడిగాను. మీ ఇష్టమన్నారు. బావ చేసిన స్లైడ్లు ఇంగ్లీషులో వెనక తెర మీద నడుస్తున్నాయి. నేను వాటి వైపు చూడకుండా మాట్లాడాను.

"మీ చదువు?" అని చివర్లో కూర్చున్న ఒకాయన అడిగారు.

"తొమ్మిదో తరగతండీ." ఆగి, "పూర్తవ్వలేదండీ" అన్నాను.

ఆయన ఏదో రాసుకున్నారు. సైరన్ ఎంతదూరం వినపడుతుందో చెప్పమన్నారు. ఇది నాకు వచ్చు. కంపెనీవాడు పెట్టె మీద రాసిన దూరం గాలి లేని రోజుదండీ అన్నాను. తుఫానుకి ముందు గాలి ఈడ్చి కొడుతుంటుంది, మాట గాలి వాలుకే పోతుంది, ఎదురుగాలిలో నాలుగిళ్ల అవతలికి కూడా పోదు. పెళ్లి పందిళ్లలో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అందుకని ఊరికి ఒక పెద్ద హారన్ కాదు, రెండు కొసలా రెండు చిన్నవి కావాలి, వాటి నోళ్లు ఇళ్ల వైపు ఉండాలి. ఊరకే మోగితే ఊరివాళ్లు వైరు కోసేస్తారు, కోసేశారు కూడా. కాబట్టి మోగడం ఎంత ముఖ్యమో, అనవసరంగా మోగకపోవడం అంతకంటే ముఖ్యం. ఇదంతా చెప్తున్నంతసేపూ ఎవరూ నన్ను ఆపలేదు.

తర్వాత అడిగినదానికి మాత్రం బోర్లా పడ్డాను. వారంపాటు ఎండ రాకపోతే సెన్సరు బ్యాటరీ ఎన్నాళ్లుంటుంది, ఆ లెక్క ఎలా కట్టారు అన్నారు. నాకు తెలిసినట్టు మొదలుపెట్టాను. రెండో వాక్యానికే తప్పు పోయానని అడిగినాయన ముఖం చెప్పింది. నోటిదాకా ఒక జోకు వచ్చింది. మింగేశాను. "ఇది నాకు సరిగ్గా తెలీదండీ. మా పార్ట్‌నర్ చెప్తారు" అన్నాను. బావ లేచి చెప్పాడు. అతను చెప్తున్నప్పుడు నేను పక్కనే నిలబడ్డాను, కూర్చోలేదు.

బయటికొచ్చాక కారిడార్‌లో మంచినీళ్లు తాగుతూ బావ అన్నాడు. "మొన్న మేడ మీద నేను సరేనన్నాను చూడు. నీ మంచికే అన్నానని ఇందాకటిదాకా అనుకుంటున్నాను. కాదు బావా. నువ్వు అక్కడ నిలబడితే పని పోతుందనుకున్నాను. అదే నిజం."

"నేనూ అదే అనుకున్నాను బావా" అన్నాను. అది జోకు కాదు, అతనికి తెలుసు.

పని మాకొచ్చిందన్న కబురు నెల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం మాకేం తెలీదు. కారెక్కాక బావ ఏసీ వేసి, పాటలు పెట్టబోయాడు. నేను ఆపాను.

"ఆ బ్యాటరీ లెక్క నాకు చెప్పు."

"ఇప్పుడా?"

"మరి రేపు అడిగేది నన్నేగా."

ఒక పక్కగా కారు ఆపి, టైపు చేయించిన అఫిడవిట్ తిరగేసి, దాని వెనక గీతలు గీస్తూ మొదలుపెట్టాడు. ఒక రోజుకి సెన్సరు ఎంత తాగుతుంది, ప్యానెల్ ఎంత పోస్తుంది, మబ్బు పడితే ఎంత తగ్గుతుంది. మేస్టర్ల వంశం కదా, రాకపోతే వదలడు. ఒకటికి రెండుసార్లు నన్నే చెప్పమన్నాడు. రెండుసార్లూ తప్పే చెప్పాను. మూడోసారి సగం సరిపోయింది. మిగతా సగం మర్నాడు ఫోన్ చేసి మళ్లీ అడిగాను.